చప్పుడు లేని విచారణ: కార్డు బ్యాంకులు మన పరపతి చిట్టా చూసే పద్ధతి వెనుక కథ

పోయిన సంవత్సరం వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం మన సొసైటీ కార్యాలయంలో పిల్లల ఉపకార వేతనాల దరఖాస్తులు చూస్తూ కూర్చున్నాము. సభ్యురాలైన ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "భాయ్, మావాడి మీద బ్యాంకువాళ్లు నిఘా పెట్టారట, మీకేమైనా తెలుసా?" అని అడిగారు.

ఆమె కుమారుడు ఎనిమిదేళ్లుగా అమెరికాలో వుద్యోగం చేస్తున్నాడు. ఇల్లు కొనాలనుకుని, అప్పుకు దరఖాస్తు పెట్టే ముందు తన పరపతి నివేదిక, అనగా క్రెడిట్ రిపోర్టు, తెప్పించుకున్నాడు. అందులో తన కార్డు బ్యాంకు పేరు ఒక్క ఏడాదిలో పదకొండు సార్లు కనబడింది. అతడు వాళ్లను కొత్తగా ఏమీ అడగలేదు. అన్నిసార్లు చూస్తే మార్కులు తగ్గుతాయనీ, మార్కులు తగ్గితే ఇంటి అప్పు పుట్టదనీ స్నేహితుడెవరో చెప్పాడట. కొడుక్కి అక్కడ నిద్ర లేదు, తల్లికి ఇక్కడ నిద్ర లేదు.

"ముందు కూర్చోండి ఆపా" అని చాయ్ ఇచ్చి, కంగారు పడవద్దని చెప్పి పంపాము. చెప్పామే గాని, ఎందుకు కంగారు పడనక్కరలేదో ఆనాడు మాకే సరిగా తెలియదు. తరువాత కూర్చుని చదివాము, ఆ పనిలో వున్నవారిని అడిగాము. మన ఇళ్లల్లో పిల్లలు అమెరికాలో వున్నవారు ఇవాళ తక్కువ కాదు. ఇక్కడే జేబులో కార్డు పెట్టుకు తిరిగేవారు అంతకన్నా ఎక్కువ. కనుక తెలుసుకున్నదాన్ని ఈ సావనీరు ద్వారా నలుగురి ముందు పెడుతున్నాము.

రెండు రకాల చూపు

ముందుగా మాటకు అర్థం చెప్పుకుందాం. అమెరికాలో ప్రతి అప్పుదారుకీ ఒక చిట్టా వుంటుంది. ఎవరి దగ్గర ఎంత అప్పు, పరిమితి ఎంత, వాయిదాలు సకాలంలో కట్టాడా లేదా, దివాలా తీశాడా అనేవన్నీ అందులో వుంటాయి. ఈ చిట్టాలు రాసి వుంచే పెద్ద సంస్థలు మూడు: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. వీటినే క్రెడిట్ బ్యూరోలంటారు.

మనం కొత్త కార్డుకో, కారు అప్పుకో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ బ్యాంకు మన చిట్టా తెరుస్తుంది. దీన్ని హార్డ్ చెక్ అంటారు. అది చిట్టాలో రెండేళ్లు నిలుస్తుంది, తరువాత చూసే బ్యాంకులకు కూడా కనబడుతుంది. ఫైకో పద్ధతిలో దాని ప్రభావం ఒక్క ఏడాదే. చాలామందికి ఒక్కో హార్డ్ చెక్ వల్ల తగ్గేది అయిదు మార్కుల లోపే.

రెండవది సాఫ్ట్ చెక్. ఇదివరకే మనకు కార్డిచ్చిన బ్యాంకు మన పరిస్థితి ఎలా వుందో చూసుకోవడం, మనకు కార్డు అమ్మజూపేవారు ముందుగా వడపోసుకోవడం, మన చిట్టా మనమే చూసుకోవడం - ఇవన్నీ ఈ కోవలోవే. వీటివల్ల ఒక్క మార్కు కూడా తగ్గదు. ఇతర బ్యాంకులకు ఇవి కనబడవు. మన నివేదిక మనం తెప్పించుకుంటే మనకు మాత్రం కనబడతాయి.

మన వీధి చివరి కిరాణా కొట్టు షావుకారును తలచుకుంటే సంగతి సులభంగా బోధపడుతుంది. అరువు ఖాతా తెరిచేటప్పుడు ఆయన నలుగురినీ బాహాటంగా అడుగుతాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుస్తుంది. అది హార్డ్ చెక్. ఖాతా తెరిచాక, మనం పక్క కొట్టులో ఎంత బాకీ పడ్డామో, జీతం వస్తున్నదో లేదో గల్లా దగ్గర కూర్చునే గమనిస్తూ వుంటాడు. ఎవరికీ చెప్పడు. అది సాఫ్ట్ చెక్.

అయితే వీధి షావుకారు మనకు తెలిసినవాడు. ఆయన తప్పుగా అనుకుంటే పోయి సర్దిచెప్పుకోవచ్చు. ముక్కూ మొహమూ తెలియని బ్యాంకు ఎక్కడో కూర్చుని చూస్తే ఎవరికి చెప్పుకోవాలి? అసలు చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పట్టు వ్యాపారి పెట్టిన పుస్తకాలు

న్యూయార్కులో లూయీ టాపన్ అనే పట్టు వ్యాపారి వుండేవాడు. బానిసత్వ నిర్మూలన కోసం పాటుపడినవారిలో ముఖ్యుడు. ఆమిస్టాడ్ ఓడలో పట్టుబడిన ఆఫ్రికా ప్రజల తరఫున కోర్టు ఖర్చులకు పూనుకున్నవారిలో ఆయన ఒకడు. 1837లో అమెరికాలో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో అన్నదమ్ముల దుకాణం దెబ్బతిన్నది. దూర ప్రాంతాల చిల్లర వర్తకులకు సరుకు అరువిచ్చి, ఆ బాకీలు రాక నష్టపోయారు. అప్పుడాయనకు తోచిన ఆలోచన: అరువు అడిగేవాడు ఎలాంటివాడో ముందే తెలిసే ఏర్పాటు వుంటే ఎంత బాగుండును!

1841లో ఆయన మర్కెంటైల్ ఏజెన్సీ స్థాపించాడు. వూరూరా న్యాయవాదులు, పెద్దమనుషులు అక్కడి వర్తకుల గూర్చి వుత్తరాలు రాసేవారు. ఆ రాసినవారిలో తరువాత దేశాధ్యక్షుడైన అబ్రహాం లింకన్ కూడా వున్నాడు. ఆ సమాచారాన్ని గుమాస్తాలు పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. చందా కట్టిన వ్యాపారి కార్యాలయానికి వస్తే గుమాస్తా చదివి వినిపించేవాడు. రాసుకుపోవడానికి కాగితం చేతికిచ్చేవారు కాదు. ఆ పుస్తకాలు రెండు వేల అయిదు వందలకు పైగా హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నేటికీ భద్రంగా వున్నాయి.

ఈ ఏర్పాటులో ఒక లోపం మొదటి రోజు నుంచే వుంది. ఎవరి గూర్చి రాశారో ఆ మనిషికి మాత్రం పుస్తకం చూపరు. ఒహాయో రాష్ట్రంలో బియర్డ్‌స్లీ అనే వర్తకుడి కుటుంబం గూర్చి, భార్య విడాకులు కోరబోతున్నదని ఈ పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ రాత వల్ల తమ వ్యాపారం పోయిందని వారు 1848లో టాపన్ మీద కేసు వేశారు. జ్యూరీ వారి పక్షాన తీర్పిచ్చింది. చివరికి కేసు సుప్రీంకోర్టుకు పోయి, ఇరవై ఏళ్లు దాటాక ఆ తీర్పు రద్దయింది. తన గూర్చి ఏం రాశారో తెలుసుకోవడానికే ఒక మనిషి ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చిందన్నమాట.

టాపన్ సంస్థే తరువాత ఆర్. జి. డన్ కంపెనీగా మారింది. 1933లో పోటీదారైన బ్రాడ్‌స్ట్రీట్‌తో కలిసిపోయింది. వాటి చూపు వర్తకుల మీదే. సామాన్య కుటుంబాల మీదికి చూపు మళ్లడం వేరే కథ.

ఇరుగుపొరుగు సాక్ష్యం

1899లో అట్లాంటా నగరంలో కేటర్ వూల్‌ఫర్డ్, గై వూల్‌ఫర్డ్ అనే అన్నదమ్ములు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. వూళ్లో ఎవరు బాకీలు సక్రమంగా కడతారో, ఎవరు కట్టరో పుస్తకంగా వేసి దుకాణదారులకు అమ్మారు. తరువాత బీమా కంపెనీల కోసం మనుషుల విచారణ మొదలుపెట్టారు. కంపెనీ తరఫు మనిషి వచ్చి ఇరుగుపొరుగును అడిగేవాడు: ఆయన తాగుతాడా? ఇల్లు శుభ్రంగా వుంటుందా? సంసారం సవ్యంగా వుందా? పొరుగువాడికి గిట్టకపోతే చెప్పిన చాడీ కూడా చిట్టాకెక్కేది. ఆ చిట్టా వల్ల బీమా రాకపోయినా, వుద్యోగం రాకపోయినా, కారణం ఆ మనిషికి తెలిసేది కాదు.

1960లలో ఈ చిట్టాలు కంప్యూటర్లలోకి ఎక్కనారంభించాయి. అంతవరకు ఒక వూరి బీరువాలో వున్న చాడీ, ఇక దేశమంతటా క్షణాల్లో పాకే వీలు వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలన్ వెస్టిన్ వంటివారు దీన్ని గూర్చి గట్టిగా హెచ్చరించారు. అమెరికా పార్లమెంటులో విచారణలు జరిగాయి.

కార్డు వచ్చాక మారిన లెక్క

ఇంతలో కార్డులు వచ్చాయి. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్ కార్డు మొదలైంది. 1958 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఒక సాహసం చేసింది. సుమారు 60,000 మందికి, వారు అడగకుండానే, కార్డులు పోస్టులో పంపింది. ఇదే తరువాత 1976లో వీసా అని పేరు మార్చుకున్న కార్డు. నూటికి నలుగురు బాకీ ఎగవేస్తారని బ్యాంకు వేసుకున్న అంచనా. జరిగింది చూస్తే ఎగవేత నూటికి 22 దాకా పోయింది. మనిషిని చూడకుండా అప్పిస్తే ఏమవుతుందో బ్యాంకులకు అప్పుడు తెలిసివచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మనం శ్రద్ధగా గమనించాలి. ఇంటి అప్పు ఒక్కసారి ఇచ్చేది. ఇచ్చిన రోజున విచారించి ఇస్తారు, ఆపైన వసూలు చేసుకోవడమే. కార్డు అలా కాదు. అది తెరిచివుంచిన అరువు ఖాతా. అయిదు వేల డాలర్ల పరిమితి ఇచ్చిన బ్యాంకు, ఆ మనిషి రేపు పొద్దున్నే అయిదు వేలూ వాడుకోవచ్చునని ప్రతిరోజూ కొత్తగా ఒప్పుకుంటున్నట్టే లెక్క. కార్డిచ్చిననాడు మంచి వుద్యోగంలో వున్నవాడు, మూడేళ్ల తరువాత వుద్యోగం పోయి నాలుగు కార్డుల మీద బతుకుతూ వుండవచ్చు. మన బ్యాంకుకు మాత్రం సకాలంలో కడుతూనే వుండవచ్చు. ఆ సంగతి మన బ్యాంకు సొంత పద్దుల్లో కనబడదు, బ్యూరో చిట్టాలోనే కనబడుతుంది. సాఫ్ట్ చెక్ పుట్టుకకు అసలు కారణం ఇదే.

1970 నాటి చట్టం

సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ పూనికతో తయారైన క్రెడిట్ రిపోర్టుల చట్టం మీద 1970 అక్టోబరు 26న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. అడగకుండా కార్డులు పంపడాన్ని నిషేధించింది కూడా అదే రోజున అదే చట్టంలోని మరో భాగం.

చట్టంలో సారాంశం ఏమిటంటే, ఒకరి చిట్టా తెరవాలంటే చట్టం ఒప్పుకున్న కారణం వుండి తీరాలి. ఆ కారణాల్లో అప్పిచ్చేందుకు చూడడం ఒకటి. దాని పక్కనే, ఇదివరకే వున్న ఖాతాను సమీక్షించేందుకో, బాకీ వసూలు చేసేందుకో చూడవచ్చునని రాశారు. "సమీక్ష" అన్న ఆ ఒక్క మాట మీదే నేటి సాఫ్ట్ చెక్ నిలబడి వుంది. కార్డు మన చేతిలో వున్నంతకాలం ఆ బ్యాంకు ప్రతిసారీ మన అనుమతి అడగనక్కరలేదు. 1996లో చట్టాన్ని సవరించినప్పుడు, ఖాతాదారు ఒప్పందపు షరతులకు ఇంకా తగినవాడేనా అని తెలుసుకునేందుకు చూడవచ్చునని మరింత స్పష్టంగా చేర్చారు.

మరి చూడబడే మనిషికి ఆ చట్టం ఏమిచ్చింది? మొదట్లో ఇచ్చింది స్వల్పమే. చిట్టాలో వున్నదాని సారాంశం చెప్పాలన్నారే గాని, కాగితం చేతికివ్వాలనలేదు. టాపన్ గుమాస్తా చదివి వినిపించిన పద్ధతే ఇంచుమించు అప్పటికీ సాగిందన్నమాట. గత ఆరు నెలల్లో చిట్టా ఎవరెవరు తీసుకున్నారో చెప్పాలన్నారు. తప్పుంటే సవాలు చేసే హక్కు ఇచ్చారు. చిట్టా కారణంగా అప్పు కాదంటే ఆ మాట, ఏ బ్యూరో చిట్టాయో, చెప్పాలన్నారు. కొంచెమే అయినా, నూట ముప్పై ఏళ్లలో మొదటిసారిగా తలుపు సందు తెరుచుకుంది.

రిటైల్ క్రెడిట్ కంపెనీ 1975లో పేరు మార్చుకుంది. నేటి ఈక్విఫాక్స్ అదే.

మనిషి మాటకు బదులు అంకె

1956లో కాలిఫోర్నియాలో బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణిత శాస్త్రజ్ఞుడు కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారు. అప్పుదారుల పాత లెక్కలు చూసి, బాకీ ఎగవేసే అవకాశం ఎంతో అంకెల్లో చెప్పవచ్చునని వారి వాదన. ఇద్దరి పేర్ల నుంచి వచ్చిన మాటే ఫైకో. 1989 నుంచి బ్యూరో చిట్టాలో వున్నదంతా కలిపి ఒకే అంకెగా, 300 నుంచి 850 దాకా, మార్కులు వేయడం మొదలైంది.

ఇందులో మంచీ వుంది. తాగుతాడా, ఏ వీధి మనిషి, ఏ కులం, ఏ మతం అనే ఆరాలకు అంకెలో చోటు లేదు. 1974లో స్త్రీపురుష భేదాన్నీ, 1976లో జాతి, వర్ణ, మత, వయో భేదాలనూ అప్పుల విషయంలో చట్టం నిషేధించింది. చెడు ఏమంటే, అంకె వచ్చాక చూడడం మరీ చవకైపోయింది. వెనుక ఒక మనిషి గూర్చి విచారించాలంటే ఒకరిని పంపవలసి వచ్చేది. ఇప్పుడు కార్డు బ్యాంకు తన ఖాతాదారుల జాబితా మొత్తం, లక్షల పేర్లు, ఒక్కసారిగా బ్యూరోకు పంపుతుంది. ప్రతి పేరు ఎదుట తాజా మార్కు, ఇతర కార్డుల బాకీ, ఆలస్యాల వివరం వేసి బ్యూరో తిప్పి పంపుతుంది. కొన్ని బ్యాంకులు ఈ పని నెలనెలా చేస్తాయి, కొన్ని మూడు నెలలకొకసారి. ఆపా కుమారుడి నివేదికలో పదకొండు సార్లు కనబడిన పేరు ఇదే. అతడిని ఒక్కడినే ఏరి చూసినది కాదు, అందరితోపాటు చూసినది.

చూసి ఏం చేస్తారు?

చూసినందువల్ల మార్కు తగ్గదన్నాము. అయితే చూసిన తరువాత బ్యాంకు తీసుకునే నిర్ణయం వుంటుంది. అసలు కీలకం అక్కడ వుంది.

పరిస్థితి బాగుంటే పరిమితి పెంచవచ్చు. బాగుండకపోతే పరిమితి తగ్గించవచ్చు, కార్డు మూసివేయవచ్చు. 2000 తరువాతి సంవత్సరాల్లో మరొక అలవాటు బాగా ముదిరింది. ఖాతాదారు తమకు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకపోయినా, వేరెక్కడో ఒక బిల్లు ఆలస్యమైనట్టు సాఫ్ట్ చెక్‌లో కనబడితే, పాత బాకీ మీద కూడా వడ్డీ రేటు అమాంతం పెంచేవారు. సకాలంలో కట్టేవాడికి శిక్ష వేసే ఈ పద్ధతి మీద సెనేటులో విచారణలు జరిగాయి. చివరికి 2009 మే 22న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన కార్డుల చట్టంతో దీనికి అడ్డుకట్ట పడింది. పాత బాకీ మీద రేటు పెంచాలంటే సాధారణంగా ఆ కార్డుకే అరవై రోజుల ఆలస్యం వుండాలి. కొత్త ఖర్చుల మీద పెంచాలన్నా 45 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పెంచిన రేటును ఆరు నెలలకొకసారి తిరిగి పరిశీలించాలి.

పరిమితి తగ్గించడం మీద మాత్రం అంత పట్టు లేదు. 2008, 2009 సంవత్సరాల మాంద్యంలో లెక్కలేనంతమంది పరిమితులు కోసివేశారు. దీని దెబ్బ ఎలా వుంటుందో చిన్న లెక్క చూడండి. పరిమితి 5,000 డాలర్లు, బాకీ 2,000 అనుకుందాం. వాడకం నూటికి 40. బ్యాంకు పరిమితిని 2,500కు తగ్గించింది. ఆ మనిషి ఒక్క డాలరు కూడా కొత్తగా ఖర్చు పెట్టలేదు, అయినా వాడకం నూటికి 80 అయిపోయింది. వాడకం పెరిగితే మార్కు తగ్గుతుంది. మార్కు తగ్గిన సంగతి రెండో బ్యాంకు తన సాఫ్ట్ చెక్‌లో చూస్తుంది. అదీ పరిమితి తగ్గించవచ్చు. ఒక ఇటుక కదిలితే గోడ కదిలినట్టు అవుతుంది. చప్పుడు లేని విచారణ గూర్చి మనం తెలుసుకోవలసినది ఇదే. చూపు వల్ల హాని లేదు. బాకీని పరిమితికి దగ్గరగా పెరగనిస్తే, ఆ చూపులో పడేది మనమే.

మన చేతికి వచ్చిన తాళంచెవి

బ్యాంకులకు చూసే హక్కు గట్టిపడుతూ వచ్చినట్టే, మెల్లగా మనిషికీ తన చిట్టా చూసుకునే హక్కు వచ్చింది. 1996 సవరణతో సారాంశం కాదు, చిట్టాలో వున్నదంతా చెప్పవలసి వచ్చింది. ఏడాదిలో ఎవరెవరు చూశారో, వుద్యోగం కోసమైతే రెండేళ్ల నుంచి ఎవరెవరు చూశారో చెప్పాలన్నారు. తప్పుందని రాస్తే సాధారణంగా 30 రోజుల్లో విచారించి తేల్చాలని గడువు పెట్టారు. అడగకుండా కార్డులు ఇవ్వజూపేవారి వడపోత జాబితాల నుంచి పేరు తీసివేయించుకునే హక్కు కూడా అప్పుడే ఇచ్చారు.

2003లో మరొక చట్టంతో మూడు బ్యూరోల నుంచీ ఏడాదికొకసారి ఉచితంగా నివేదిక పొందే హక్కు వచ్చింది. 2017లో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. మరుసటి ఏడు సెప్టెంబరు నుంచి చిట్టాకు తాళం వేసుకోవడం, అనగా క్రెడిట్ ఫ్రీజ్, ఉచితం చేశారు. తాళం వేస్తే కొత్త అప్పుకు కొత్తవారు తెరవలేరు. ఇదివరకే మనకు కార్డిచ్చిన బ్యాంకు సమీక్షకు మాత్రం ఈ తాళం అడ్డురాదు. 2020లో కరోనా కాలంలో వారానికొకసారి ఉచితంగా చూసుకునే సదుపాయం ఇచ్చారు. 2023లో దాన్ని శాశ్వతం చేశారు.

మన దేశంలో

మన దేశానికి కార్డు 1980 ప్రాంతాల్లో వచ్చింది. ఆ తొలి అడుగుల్లో మన తెలుగు బ్యాంకు వుండడం చెప్పుకోదగ్గది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో కార్డు కావాలంటే బ్యాంకు మేనేజరుకు మనం తెలిసివుండాలి. మేనేజరు మొహమాటమే మన క్రెడిట్ రిపోర్టు.

2000లో సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టం వచ్చింది. ఇక్కడ ఇప్పుడు ఇలాంటి సంస్థలు నాలుగు: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. సిబిల్ మార్కులు 300 నుంచి 900 దాకా వుంటాయి. మన నివేదిక మనం చూసుకుంటే ఇక్కడా మార్కు తగ్గదు.

రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. 2022 నాటి నిబంధనల ప్రకారం మన స్పష్టమైన అంగీకారం లేకుండా పరిమితి పెంచకూడదు, తగ్గిస్తే తెలియజేయాలి. 2023 అక్టోబరులో వచ్చిన ఆదేశం అన్నిటికన్నా విశేషమైనది. బ్యాంకు మన నివేదిక తెరిచినప్పుడు, మన ఫోన్ నంబరుగాని ఈమెయిలుగాని వుంటే, పరపతి సమాచార సంస్థ మనకు కబురు పంపాలి. తప్పు దిద్దమని ఫిర్యాదు చేసి 30 రోజులు దాటితే, ఆపై రోజుకు నూరు రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇవి 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. విచారణకు ఇక్కడ కొంచెం చప్పుడు పెట్టారన్నమాట. ఆ ఎస్సెమ్మెస్‌ను మనలో ఎంతమందిమి చదువుతున్నాము? పండుగ ఆఫర్ల మధ్య అదీ ఒకటనుకుని చెరిపివేస్తున్నాము.

ఆపా మళ్లీ వచ్చారు

ఇదంతా తెలుసుకున్నాక ఆపా ఇంటికి వెళ్లి, కుమారుడితో ఫోన్‌లో మాట్లాడాము. ఆ పదకొండూ సాఫ్ట్ చెక్‌లేనని, వాటికి భయపడనక్కరలేదని చెప్పాము. "సరే, మరి హార్డ్ జాబితా చూశావా బేటా?" అని అడిగాము. అతడు చూడలేదు. పదకొండు పేర్ల కంగారులో ఆ రెండో పుట తిప్పనేలేదు. తిప్పి చూస్తే అక్కడ ఒక్కటే పేరు వుంది. తానెప్పుడూ గడప తొక్కని ఒక దుకాణం. అతడి వివరాలతో ఎవరో అక్కడ అరువు ఖాతా తెరిచి, సామాను కొని, కట్టకుండా వదిలేశారు.

అతడు బ్యూరోలకు రాశాడు, పోలీసు ఫిర్యాదు చేశాడు, మూడు చిట్టాలకూ తాళం వేశాడు. నెల తిరిగేసరికి ఆ పద్దు తీసివేశారు. ఇంటి అప్పు కొన్ని నెలలు వెనుకబడింది గాని, వచ్చింది. చూడకుండా దరఖాస్తు పెట్టివుంటే కాదనేవారు, అప్పుడు కారణం వెతుక్కోవలసి వచ్చేది. హాని లేనిదానికి భయపడి నివేదిక తెరిచాడు కనుక, హాని చేసేది దొరికింది.

అందుకే సభ్యులందరికీ మా మనవి. అప్పిచ్చినవాడు చూస్తాడు. టాపన్ నాటి నుంచీ చూస్తున్నాడు, ఇకముందూ చూస్తాడు. చూడవద్దనడం మన వల్ల కాదు. బియర్డ్‌స్లీ కుటుంబానికి లేనిది మనకు వున్నది ఒక్కటే: మన చిట్టా మనం చదువుకునే హక్కు. ఏడాదికొకసారి నివేదిక తెప్పించుకోండి. ఎవరు చూశారన్నది ఒక పుట, ఎవరి దగ్గర మన పేరిట అప్పు వుందన్నది ఇంకొక పుట. రెండూ చదవండి. అమెరికాలోని పిల్లలకూ చెప్పండి. అర్థం కాకపోతే ఆదివారం సాయంత్రం కార్యాలయానికి తీసుకురండి, కలిసి చదువుదాము. ఫోన్‌కు వచ్చే రహస్య అంకెలు మాత్రం మాతో సహా ఎవరికీ చెప్పవద్దు.

పోయిన నెల ఆపా మళ్లీ కార్యాలయానికి వచ్చారు. ఈసారి కుర్చీలో స్థిమితంగా కూర్చున్నారు. "మావాడిది అయిపోయింది భాయ్, మరి మా ఇద్దరివీ ఎప్పుడు చూద్దాం?" అని అడిగారు. ఆయన పింఛను ఖాతా మీద ఇచ్చిన కార్డు ఒకటి, ఆమె పేరిట కుట్టుమిషను వాయిదాలు ఒకటి. ఆ రోజు చాయ్ చల్లారేలోగా రెండు నివేదికలూ చదివేశాము.